దంతశిల్పి: పని, శిక్షణ

గుంటూరునుండి తెనాలికి పోవు పాసింజరు బండి వేజెండ్ల దాటిన పిమ్మట సంగం జాగర్లమూడిలో నిలుచును. ఆ ఊరిలో మాకు వరుసకు పెద్దమ్మ యగు ఒక వృద్ధురాలు కలదు. వరికోతలు ముగిసిన దినములలో ఒకనాడు వారి ఇంటికి పోయితిమి. భోజనమునకు కూర్చున్నప్పుడు మా విస్తరిలో గోంగూర పచ్చడియు, చల్లమిరపకాయలును, వడియములును వడ్డించి, తాను మాత్రము మజ్జిగ పోసి మెత్తగా పిసికిన అన్నమును గిన్నెలో పెట్టుకొని కూర్చుండెను. ఆమెకు పై వరుస, క్రింది వరుస రెండును కట్టుడు పళ్లు ఉన్నవని మాకు తెలియును. అవి ఏవని అడిగితిమి. గూటిలో రేడియో ప్రక్కన నున్న చిన్న స్టీలు డబ్బాను చూపి, "పెళ్లికి పోయేటప్పుడు పెట్టుకుంటాను నాయనా. అన్నం తినేటప్పుడు తీసేస్తాను" అనెను.

ఇంటిల్లిపాది నవ్విరి. మేమును నవ్వితిమి. కాని అన్నము తినుటకై కట్టించుకొన్న పళ్లను అన్నము తినునప్పుడే తీసివేయవలసి వచ్చుటకు కారణమేమని తరువాత విచారించితిమి. డాక్టరుగారు సరిగా చూడలేదని పెద్దమ్మ అభిప్రాయము. అమ్మ చిగుళ్లే అరిగిపోయినవని కుమారుని అభిప్రాయము. ఖర్చుకు వెనుదీసిరని కోడలి అభిప్రాయము. ఆ పళ్లను తన చేతులతో చేసిన మనిషి మరియొకడు ఉన్నాడను సంగతి ఎవరికిని తట్టలేదు. వైద్యునికిని రోగికిని నడుమ నుండి, రోగి ముఖమును ఎన్నడును చూడకయే, ఆ రోగి దవడకు సరిపడు దంతపంక్తిని నిర్మించు ఆ మనిషిని గూర్చియే ఈ ప్రసంగము.

చట్టము అతనికి పెట్టిన పేరు డెంటల్ మెకానిక్కు. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినప్పుడు అందులో ముగ్గురికి నిర్వచనములు ఏర్పడినవి. ఒకడు దంతవైద్యుడు. రెండవవాడు పళ్లను శుభ్రపరచి మెరుగుపెట్టుచు, వాటిని కాపాడుకొను పద్ధతిని బోధించు హైజీనిస్టు. మూడవవాడు కట్టుడు పళ్లను, దంతసంబంధమైన ఇతర ఉపకరణములను చేయునట్టియు బాగుచేయునట్టియు మెకానిక్కు. ఈ కాలమున ల్యాబులలో టెక్నీషియను అనుట వాడుక. మెకానిక్కు అనగానే మన కన్నులకు మోటారు షెడ్డు కట్టును. టెక్నీషియను అనగా ఏ యంత్రమునకు టెక్నీషియనో తెలియదు. అందుచే మేము దంతశిల్పి అని వ్రాయుచున్నాము. ఏనుగు దంతములు చెక్కువాడని పాఠకులు భ్రమపడకుందురు గాక.

శిల్పి యను మాటను ఊరక వాడలేదు. సంగం జాగర్లమూడికి సమీపముననున్న తెనాలి విగ్రహములకు ప్రసిద్ధి. అచటి శిల్పశాలలలో మట్టితో రూపు మలచి, దానిపై ప్లాస్టరుతో అచ్చు తీసి, ఆ అచ్చునుండి మరల రూపు పోయుటను చూచినవారు దంతశిల్పి పనిని సగము చూచినట్లే. అచ్చు, పోత, మైనము, మరల అచ్చు, తుదిపోత, మెరుగు: క్రమము ఇంచుమించు ఒకటే. భేదము కొలతలో నున్నది. నిలువెత్తు విగ్రహమున వ్రేలు గోరంత లావైనను చూచువారికి తెలియదు. నోటిలో వెండ్రుకమందము ఎత్తు మిగిలినను కొరికిన తోడనే తెలిసిపోవును.

కట్టుడు పళ్ల నిర్మాణమును మొదటినుండి చూతము. వైద్యుడు రోగి నోటినుండి మొదటి అచ్చు తీసి ల్యాబునకు పంపును. దీనికి విరివిగా వాడునది ఆల్జినేటు. సముద్రపు నాచునుండి తీసిన పదార్థము, నీటితో కలిపిన కొలది నిమిషములలో రబ్బరువలె గట్టిపడును. దానిలో అధికభాగము నీరే. గాలికి ఆరినచో కుంచించుకొనిపోవును. కావున అచ్చు తీసిన వెంటనే అందులో ప్లాస్టరు పోయవలెను. మధ్యాహ్నపు ఎండలో సంచిలో వేసి బస్సులో పంపిన అచ్చు సాయంకాలమునకు ల్యాబు చేరునప్పటికి అది ఆ రోగి దవడకు ప్రతిరూపము కాదు. చిక్కిపోయిన దవడకు ప్రతిరూపము. శిల్పి ఎంత నేర్పరియైనను అచ్చులో లేని దవడను ఊహించి చేయజాలడు.

ప్లాస్టరు కలుపుట చూచుటకు సులభము. నూరు గ్రాముల సాధారణ ప్లాస్టరునకు ఇంచుమించు 50 మిల్లీలీటర్ల నీరు కావలెను. 'స్టోను' అనబడు గట్టిరకమునకు 30 మిల్లీలీటర్లు చాలును. రెండును జిప్సమను ఒకే ఖనిజమును కాల్చి చేసిన పొడులే. మొదటిది బహిరంగముగా కాల్చినది, రెండవది ఆవిరి ఒత్తిడిలో కాల్చినది. అందుచే రెండవదాని రేణువులు నున్నగాను దట్టముగాను ఉండి తక్కువ నీటితో కలియును, ఎక్కువ గట్టిపడును. సులువుగా జారుటకై నీరు కొంచెము ఎక్కువ పోసినచో ఆ క్షణమున ఏమియు చెడినట్లు కనబడదు. చెడుగు వారము తరువాత బయటపడును. మెత్తని నమూనా పనిలో అరిగిపోవును. అరిగిన నమూనాపై చేసిన పళ్లు చిగురును ఒరయును. తెనాలి ల్యాబులో మేము చూచిన పెద్ద శిల్పి నీటిని కొలపాత్రతో కొలిచి, పొడిని త్రాసులో తూచి కలుపుచుండెను. ప్రక్కన పని నేర్చుకొనుచున్న కుర్రవాడు కంటి అంచనాతో కలుపుచుండెను. ఇరువురిలో ముప్పది ఏండ్ల అనుభవము గలవాడు త్రాసు వాడుట మాకు విశేషముగా తోచినది.

మొదటి నమూనాపై శిల్పి ఆ రోగి దవడకే సరిపడు ఒక పళ్లెమును చేసి వైద్యునికి పంపును. వైద్యుడు దానితో రెండవ అచ్చును తీయును. ఇందులో వాడు ముద్దలలో ఒకటి జింకు ఆక్సైడును, లవంగనూనెలోని సారమైన యూజినాలును కలిపినది. పంటినొప్పికి మన ఇండ్లలో లవంగము కొరుకు అలవాటునకు ఇదియొక చుట్టరికము. ఈ రెండవ అచ్చులో చిగురు కదలికలు, పెదవి లాగుడు, నాలుక క్రింది మడత అన్నియు పడవలెను. దీనిలో పోసిన స్టోను నమూనాయే అసలైన పునాది.

ఆ పునాదిమీద శిల్పి మైనముతో గట్టు కట్టును. పళ్లు ఉండవలసిన చోట ప్రస్తుతమునకు ఉండునది ఈ మైనపు గట్టే. వైద్యుడు దానిని రోగి నోటిలో పెట్టి పెదవి ఎంత నిండుగా నుండవలెను, నవ్వినప్పుడు ఎంత కనబడవలెను, దవడలు రెండును ఎంత ఎడములో కలియవలెను అను సంగతులను దానిమీదనే గీతలు గీసి తెలుపును. తిరిగి వచ్చిన గట్లను శిల్పి ఆర్టిక్యులేటరు అను లోహపు సాధనములో బిగించును. అది తలుపు కీలువంటిది. మన చెవి ముందున్న దవడకీలు చేయు పనిని బల్లమీద చేయును. ఇకమీదట శిల్పికి రోగి అనగా ఆ ఇనుప కీలే.

తరువాత పళ్లు పేర్చుట. సామాన్యముగా ఇరువది యెనిమిది పళ్లు మాత్రమే పేర్చుదురు, జ్ఞానదంతములను విడిచిపెట్టుదురు. ఈ పళ్లు కర్మాగారములలో తయారై వరుసలుగా వచ్చును. పేర్పు మాత్రము చేతిపనియే. వెనుక దంతములు నమలునప్పుడు రెండు ప్రక్కలను ఒకే మారు కలియునట్లు, ఒకప్రక్క కొరికినచో రెండవప్రక్క లేవకుండునట్లు అమర్చవలెను. సహజమైన పళ్లకు ఈ చింత లేదు. ప్రతి పంటికిని వేరు ఉన్నది. కట్టుడు వరుస అంతయు ఒకే పలక కావున ఒక కొన నొక్కిన రెండవ కొన లేచును. పై పలకకు అంగిలి విశాలమైన ఆధారము. పల్చని లాలాజలపు పొర దానిని అంటించి నిలుపును. క్రింది పలకకు ఆ భాగ్యము లేదు. నడుమ నాలుక, చుట్టును బుగ్గలు, పెదవి. అది కాలువలోని పడవవలె ఊగులాడుచుండును.

ముందు పళ్ల విషయమున మాటకూడ శిల్పి చేతిలో నుండును. రేడియో వినువారు దీనిని సులభముగా గ్రహింతురు. త, థ, ద, ధ అను అక్షరములను మన వ్యాకరణము దంత్యములని పిలిచినది. అంతేకాక, తెలుగునకు దంత్యమైన చకార జకారములు ప్రత్యేకముగా ఉన్నవి. 'చిలుక' లోని చకారము వేరు, 'చాప' లోని చకారము వేరు. 'జీతము' లోని జకారము వేరు, 'జొన్న' లోని జకారము వేరు. చాప, చుక్క, జొన్న అనునప్పుడు నాలుక కొన ముందు పళ్ల వెనుకకు పోవును. పళ్ల వెనుక పలక మందమైనచో ఆ చకారము మొద్దుబారును. పై పళ్ల అంచు పొట్టియైనచో 'కాఫీ' లోని ఫకారమునకు క్రింది పెదవి ఆనుకొనుటకు చోటు దొరకదు. పళ్లు మరీ ఎత్తుగా పేర్చినచో మాటాడునప్పుడెల్ల టకటకమని తాకుకొనును. ఇతర భాషలవారి కొరకు వ్రాయబడిన పాఠ్యపుస్తకములలో ఈ చాప, జొన్నల సంగతి ఉండదు. మన శిల్పులు దీనిని అనుభవముచేతనే నేర్చుకొనుచున్నారు.

ఇంతవరకును పళ్లు మైనములోనే ఉన్నవి. ఇప్పుడు ఆ మైనపు పలకను రోగి నోటిలో పెట్టి చూడవలెను. దీనిని 'ట్రయల్' అందురు. మైనములో ఉన్నంతవరకు ఏ పన్నునైనను కదల్పవచ్చును, ఎత్తు తగ్గింపవచ్చును, పెదవిని నింపవచ్చును. ఈ దశ దాటిన పిమ్మట రాయడమే కాని మార్చుట లేదు. రోగి అద్దములో చూచుకొని, నాలుగు మాటలు పలికి, ఇంటివారితో ఔననిపించుకొన వలసిన సమయము ఇదియే. కట్టుడు పళ్ల చరిత్రలో గూటిలోని డబ్బా పాలైన పళ్లలో ఎన్నో ఈ ఒక్క దినమును దాటవేసినవి.

ట్రయల్ ముగిసిన పలకను ఇత్తడి పెట్టెలో ప్లాస్టరు నడుమ పాతిపెట్టి, వేడినీటిలో నుంచి మైనమును కరిగించి పోగొట్టుదురు. పళ్లు ప్లాస్టరులో అంటియుండును. మైనమున్న చోట ఖాళీ ఏర్పడును. ఆ ఖాళీలో చిగురు రంగు గల యాక్రిలికు ముద్దను కూరుదురు. కొలత మూడు వంతుల పొడికి ఒక వంతు ద్రవము. కలిపిన మిశ్రమము మొదట తడి ఇసుకవలె నుండును. తరువాత తీగలు సాగును. ఆపై చేతికి అంటని చపాతీపిండివలె అగును. కొంతసేపటికి రబ్బరువలె బిగియును. కూరవలసినది పిండిదశలో. ముందైనను వెనుకైనను పని చెడును.

ఉడికించుట అన్నిటికన్న ఓర్పు కోరు పని. 74 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో సుమారు ఎనిమిది గంటలు ఉంచుట ఒక పద్ధతి. ఆ వేడిమిలోనే గంటన్నర ఉంచి పిదప మరుగునీటిలో మరియొక గంట ఉంచుట మరియొక పద్ధతి. ఆ ద్రవము ఇంచుమించు 100 డిగ్రీల వద్ద మరుగును. పైగా గట్టిపడునప్పుడు తనంతట తానే వేడి పుట్టించును. తొందరపడి మొదటనే సలసల కాగు నీటిలో వేసినచో లోపలి ద్రవము ఆవిరియై, ఇడ్లీలోవలె పలక లోపల సన్నని బెజ్జములు పడును. ఆ బెజ్జములలో ఆహారము, మురికి చేరి వాసన పుట్టును. పలక కొలది మాసములలో విరుగును. ఉడికిన పెట్టెను నెమ్మదిగా చల్లార్పవలెను. చన్నీటిలో ముంచినచో పలక వంకరపోవును. మరునాడు ఇచ్చెదమని మాట యిచ్చిన ల్యాబులో ఈ గంటలు ఎక్కడనుండి వచ్చునో పాఠకులే ఊహించుకొనవచ్చును.

మా పెద్దమ్మ పళ్ల కథ ఇప్పుడు కొంత బోధపడును. వారు ట్రయల్‌కు పోలేదు. కోతల దినములు, మరల మరల రాజాలనని ఆమెయే చెప్పినదట. ఒక్కసారే ఇచ్చివేయుమని అడిగినదట. అటుపిమ్మట కట్టుకొన్న పళ్లను వాడక పొడి డబ్బాలో నుంచుటచే యాక్రిలికు తన తేమను కోల్పోయినది. ఇక కుమారుడు చెప్పిన మాటయు అసత్యము కాదు. పళ్లు పోయిన దవడ ఎముక ఏటేట కరగుచునే యుండును. దీర్ఘకాలమున క్రింది దవడ పైదవడకన్న సుమారు నాలుగు రెట్లు ఎక్కువ కరగునని 1972లో ప్రకటింపబడిన ఒక సుదీర్ఘ పరిశీలన తెలిపినది. నిరుడు సరిపోయిన పలక పదేండ్లకు సరిపోదు. దవడ మారును కాని పలక మారదు.

దంతశిల్పి పని పూర్తి పళ్లవరుసతో తీరదు. ఒంటిపంటికి తొడుగు, రెండు పళ్ల ఆధారముతో నడుమ పళ్లను నిలుపు బ్రిడ్జి, వంకర పళ్లను సరిచేయు పిల్లల పరికరములు, ఇవన్నియు అతని బల్లమీదివే. లోహపు తొడుగు పోతపోయుట మన కంసాలులు, విగ్రహకారులు ఎరిగిన మైనపు పద్ధతియే. తొడుగును మొదట మైనముతో చెక్కి, దానిచుట్టు వేడికి ఓర్చు ముద్ద పోసి, కొలిమిలో మైనమును కరిగించి, ఖాళీయైన చోట కరగిన లోహమును విసరుదురు. ఈ ప్రాచీన విద్యను 1907లో టాగర్టు అను అమెరికా దంతవైద్యుడు పంటి పనికి అనువుగా తీర్చి ప్రచారము చేసెను.

పింగాణి తొడుగునకు రంగు కలుపుటలో చిత్రకారుని కన్ను కావలెను. రంగును సూచించుటకు ఎ1 మొదలు డి4 వరకు పదునారు నమూనా పళ్లు గల ఒక మాలిక దేశదేశముల వాడుకలో నున్నది. వైద్యుడు రోగి పంటి ప్రక్కన దానిని పట్టి చూచి చీటీలో 'ఎ2' అని వ్రాసి పంపును. శిల్పికి తెలిసినది ఆ రెండు గుర్తులే. కాని ప్రకాశము, నల్లగొండ జిల్లాల పల్లెలలో ఫ్లోరైడు నీరు త్రాగి పెరిగిన వారి పళ్లు ఏ మాలికలోను ఉండవు. నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడు వ్యాధిని గూర్చి వైద్యులు 1937లోనే ప్రకటించిరి. అట్టివారి ముందుపంటికి తెల్లని తొడుగు వేసినచో అది ఒక్కటే పరాయిదై కనబడును. తొడుగుమీద గోధుమరంగు చారను సన్నని కుంచెతో గీసి కాల్చు శిల్పిని మేము చూచితిమి. మచ్చను మచ్చగా దిద్దుటకు ఎంత నేర్పు కావలెనో అప్పుడు తెలిసినది.

ఇట్టి విద్య ఎక్కడ నేర్చుకొందురు? పూర్వము దీనికి పాఠశాల లేదు. జపానులో బుద్ధవిగ్రహములు చెక్కు శిల్పులే కొయ్యతో పళ్లవరుసలు చెక్కెడివారు. 1538లో మరణించిన ఒక సన్న్యాసిని ధరించిన కొయ్యపళ్లు వకయామాలో నేటికిని భద్రముగా ఉన్నవి. అమెరికా స్వాతంత్ర్యసమరమున పేరుపొందిన పాల్ రివియరు వెండిపనివాడు; 1760ల చివర కట్టుడు పళ్లు అమర్చుదునని పత్రికలలో ప్రకటనలు కూడ ఇచ్చెను. లండనులో దంతసామగ్రికి పేరెన్నికగన్న క్లాడియస్ ఆష్ కూడ వెండిబంగారముల పనినుండి వచ్చినవాడే. మన పట్టణములలోను బంగారుపని చేయు కుటుంబములనుండి ఈ వృత్తిలోనికి వచ్చినవారు కలరు. చేతిలో మంటను అదుపుచేయుట, రవ్వంత లోహమును వృథాచేయకుండుట వారికి పుట్టుకతో వచ్చిన విద్యలు.

దంతవైద్యమునకు మన దేశమున మొదటి కళాశాలను 1920లో డాక్టరు ఆర్. అహ్మద్ కలకత్తాలో స్థాపించెను. తెలుగువారికి సమీపమున 1953లో మద్రాసులోను, 1959లో హైదరాబాదులోను ప్రభుత్వ దంతవైద్య విద్య ప్రారంభమాయెను. నేడు విజయవాడలో ప్రభుత్వ కళాశాల ఉన్నది. సంగం జాగర్లమూడికి దూరము కాని తక్కెళ్లపాడులోను దంతవైద్య కళాశాల ఉన్నది. కాని వైద్యులను తయారుచేయు చదువు పెరిగినంతగా శిల్పులను తయారుచేయు చదువు పెరుగలేదు. ఇది మాకు లోపముగానే తోచుచున్నది. వంటకు శాస్త్రము నేర్పి పొయ్యిని మరచినట్లున్నది.

చదువు లేకపోలేదు. 1949లో ఏర్పడిన భారత దంతవైద్య మండలి మెకానిక్కులకు రెండు సంవత్సరముల శిక్షణను నిర్ణయించినది. భౌతిక రసాయన శాస్త్రములలో ఈ పనికి కావలసిన భాగము, నోటి నిర్మాణము, దంతపదార్థములు, లోహశాస్త్రము, వీటిమీద అసలు చేతిపని: ఇవి పాఠములు. మొదటి దినములలో విద్యార్థి చేతికి ఒక మైనపు దిమ్మను, ఒక సన్నని కత్తిని ఇత్తురు. దానినుండి కోరపన్నును, దవడపన్నును చెక్కవలెను. దవడపంటిమీది గుబ్బలు, పల్లములు ఊరక అలంకారమునకు పుట్టినవి కావు. ప్రతి గుబ్బయు ఎదుటిపంటి పల్లములో దిగుటకు ఏర్పడినది. రోకలికి రోలు ఉన్నట్లు. ఇది చేతికి పట్టుబడువరకు దిమ్మమీద దిమ్మ చెక్కుచునే యుండవలెను. అటుపిమ్మట పేర్పు, కూర్పు, పోత, పింగాణి, మెరుగు. చదువు ముగిసినవారు రాష్ట్ర దంతవైద్య మండలి పట్టికలో పేరు నమోదు చేయించుకొనవలెనని 1948 నాటి చట్టము విధించినది. ఆ చట్టము స్థానమున జాతీయ దంతవైద్య కమిషను చట్టమును 2023లో పార్లమెంటు ఆమోదించినది.

కాని ల్యాబులలో అడుగుపెట్టి చూచినచో, పదవతరగతి తరువాత బల్ల ప్రక్కన నిలబడి నేర్చుకొన్నవారు అనేకులు కనబడుదురు. మొదటి ఏడు ప్లాస్టరు పోయుట, రెండవ ఏడు పెట్టెలు విప్పుట, తరువాత మెరుగు, ఆపైన మైనము. వారిలో అద్భుతమైన చేతివాటము గలవారు లేకపోలేదు. అట్టివానికి '74 డిగ్రీలు ఎందులకు?' అని అడిగినచో 'మా గురువుగారు అట్లే పెట్టెడివారు' అని సమాధానము. గురువు సరిగా నేర్పినంతకాలము చిక్కు లేదు. పదార్థము మారిననాడు చిక్కు వచ్చును. ఈ వృత్తిలో పదార్థములు పదేండ్ల కొకసారి మారుచున్నవి. చదివినవానికి చేయి తిరుగక, చేయి తిరిగినవానికి చదువు లేక, ఇరువురును ఒకే బల్లవద్ద కూర్చుండుటయే నేటి స్థితి. ఇంగ్లండులో 2008నుండి రిజిస్టరులో పేరు లేని టెక్నీషియను పనిచేయుటకు వీలులేదు.

చదువు లేకపోవుటచే రోగికి కలుగు నష్టముకన్న శిల్పికి కలుగు నష్టము ఎక్కువని చెప్పవలెను. పోతకు వాడు ముద్దలో స్ఫటికపు ఇసుక, అనగా సిలికా ఉండును. పోత చల్లారిన పిమ్మట అచ్చును పగులగొట్టినప్పుడును, తొడుగును ఇసుకగాలితో శుభ్రపరచినప్పుడును కంటికి కనబడని ధూళి లేచును. అది ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. గనికార్మికులకు, రాళ్లు కొట్టువారికి వచ్చు ఆ వ్యాధియే చల్లని గదిలో కూర్చుండి పళ్లు చేయువానికిని వచ్చును. వచ్చిన పిమ్మట దానిని వెనుకకు మరల్చు మందు లేదు. కొన్ని లోహమిశ్రమములలోని బెరీలియము ధూళి మరియొక ప్రమాదము. యాక్రిలికు ద్రవము తగిలి తగిలి వ్రేళ్ల కొనలు పగులును. కొందరికి దురద పుట్టి పనియే మానుకొనవలసి వచ్చును. ధూళిని పుట్టినచోటనే పీల్చివేయు యంత్రమును, తగిన ముసుగును, చేతితొడుగును వాడినచో ఇందులో చాలభాగము తప్పించుకొనవచ్చును. ముక్కునకు తువ్వాలు కట్టుకొనుట చాలదు. ఆ ధూళి తువ్వాలు నేతకన్న సన్ననిది. మేము చూచిన ల్యాబులో పీల్చు యంత్రము ఉన్నది, పెద్ద శిల్పి దానిని వేసి పనిచేయుచుండెను. చప్పుడుకు పాటలు వినబడవని కుర్రవాడు దానిని ఆపివేయుచుండెను. రేడియో పాటలకు మేము విరోధులము కాము. ఈ ఒక్క విషయమున యంత్రము పక్షమే వహింతుము.

ఇప్పుడు కొత్త యంత్రములు వచ్చినవి. 1985లో జూరిచ్చి నగరమున తొలిసారి కెమెరాతో పంటిని కొలిచి, యంత్రముచే పింగాణి ముక్కను చెక్కించి ఒకే పూటలో రోగికి అమర్చిరి. నేడు తెనాలి, గుంటూరు ల్యాబులకును కంప్యూటరు తెరమీద పళ్లు దిద్దు పని వచ్చినది. జిర్కోనియా అను తెల్లని పదార్థపు బిళ్లనుండి యంత్రము తొడుగును చెక్కును. చెక్కినది అసలు కొలతకన్న ఇంచుమించు ఐదవ వంతో నాలుగవ వంతో పెద్దదిగా ఉండును. సుమారు 1500 డిగ్రీల కొలిమిలో కాల్చగా కుదించుకొనిపోయి కొలతకు వచ్చును. మైనము పోయినది, ప్లాస్టరు తగ్గినది. కాని గుబ్బ ఏ పల్లములో దిగవలెనో తెరమీద దిద్దువానికి తెలియవలెను. మైనపు దిమ్మ చెక్కనివానికి అది తెరమీద కనబడదు. యంత్రము చెక్కినదానికి ప్రాణము పోయు రంగు ఇప్పటికిని కుంచెతోనే వేయుచున్నారు.

ఒక హెచ్చరిక కూడ అవసరము. కెనడా, డెన్మార్కు వంటి కొన్ని దేశములలో ప్రత్యేక శిక్షణ పొందిన శిల్పులు తామే రోగి నోటి అచ్చు తీసి కట్టుడు పళ్లు ఇచ్చుటకు చట్టము అనుమతించినది. మన దేశమున మెకానిక్కుకు ఆ అధికారము లేదు. అయినను సంతలలో, బస్టాండుల వద్ద అరగంటలో పళ్లు కట్టువారు కనబడుదురు. చల్లగానే గట్టిపడు యాక్రిలికును ప్రక్కపళ్లకు అంటించి వారు కృత్రిమదంతమును నిలుపుదురు. అది ఊడిరాదు, శుభ్రపరచుటకును వీలుండదు. దానిక్రింద చిగురు కుళ్లి, గట్టిగా నున్న ప్రక్కపళ్లు కూడ కదలును. ఒక పన్ను కొరకు పోయి మూడు పళ్లు పోగొట్టుకొన్నట్లగును.

పెద్దమ్మను ఆమె కుమారుడు మరల వైద్యుని వద్దకు తీసికొనిపోయెను. పై పలకకు లోపల కొత్త అచ్చు తీసి, ల్యాబులో కొత్త యాక్రిలికు పొర పోయించిరి. దీనిని రీలైనింగు అందురు. క్రింది పలకను పూర్తిగా కొత్తదే చేయవలెనని వైద్యుడు చెప్పెను. ఈసారి ల్యాబునకు పోయిన చీటీలో రోగి వయస్సు, పాత పలక ఎచ్చట నొరసినది, నమలుటకు ఏ ప్రక్క అలవాటు అను వివరములును, వాటితోపాటు ఆమె నడివయస్సునాటి ఫొటో యొకటియు చేరినవి. ఆ ఫొటోలో పైపళ్లలో ఒకటి కొంచెము ప్రక్కకు తిరిగియున్నది. ట్రయల్ దినమున మేమును వెంట పోయితిమి. పళ్లు ఇంకను మైనములోనే ఉన్నవి. వైద్యుడు ఆమెచేత 'చాప' అనిపించి, 'జొన్న' అనిపించి, 'కాఫీ' అనిపించెను. "అనిపించటమేనా, ఇప్పిస్తారా?" అని ఆమె అడిగెను. ఫకారము చక్కగా పలికినది. ఎడమప్రక్క వెనుకపన్ను ముందుగా తాకుచున్నదని ఆమెయే చెప్పగా, వైద్యుడు దానిని చీటీలో వ్రాసి పలకను ల్యాబునకు తిరిగి పంపెను.

ఆ డబ్బా ఇప్పుడును రేడియో ప్రక్కననే ఉన్నది. రాత్రి పడుకొనబోవునప్పుడు కోడలు అందులో మంచినీరు పోయును, వేడినీరు పోయదు. పగలు ఖాళీగా నుండును.